ముందు చక్రాల మీద మట్టి

కిందటి వారం జీపుని బురదగట్టు కింద, బండరాయికి వీపు ఆనించుకుని ఉన్నచోట వదిలి వచ్చాం. ఈ వారమే పత్రిక చేతిలోకి తీసుకున్నవారి కోసం నాలుగు ముక్కలు. అన్నదమ్ములిద్దరు కలిసి ఒక పాత ఫోర్ వీల్ జీపు కొందామనుకున్నారు. సెలవులొస్తే రోడ్డు లేని కొండల్లోకి, వాగుల వెంట వెళ్ళి గుడారం వేసుకుని పడుకోవాలని వాళ్ళ సరదా. పెద్దవాడు పాలిటెక్నిక్‌లో యంత్రాల డ్రాయింగు చెబుతాడు కనక బండి ఎంచే పని అతని నెత్తిన పడింది. నెత్తిన పడిందనడం కంటే అతనే ఎత్తుకున్నాడనడం న్యాయం. చూసి చూసి, కళ్ళు మసకలై ఇక నడపలేనంటున్న ఒక పశువుల డాక్టరుగారి జీపు దగ్గర ఆగాడు. ఎక్కించి చూద్దామని తీసుకెళితే అది అందరి ముందూ గట్టెక్కలేక వెనక్కి జారింది. ముందు చక్రాలు చచ్చిన బండిని తెలిసి తెలిసీ అంటగట్టబోయారని పెద్దవాడు అక్కడి నుంచే ఆ ముసలాయనకి ఫోను చేసి అనేశాడు. జవాబు వినకుండా పెట్టేశాడు. ఆ బండి ఎందుకు ఎక్కలేదో అక్కడున్న వాళ్ళలో ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరూ టీ ఫ్లాస్కు పట్టుకుని గట్టు పక్కన నిలబడిన పెద్దవాడి భార్య.

జీపు వాపసు వెళ్ళిపోయింది కానీ, అది నిలబడిన చోట వాకిట్లో అరచేయంత నూనె మరక మిగిలింది. ఆమె దాని మీద సబ్బుపొడి చల్లి బ్రష్షుతో రుద్దింది. మరక వెడల్పయింది తప్ప వదల్లేదు.

ఆ చుక్క సంగతి డాక్టరుగారు ముందే చెప్పారు. అమ్మేవాళ్ళు ఎవరూ చెప్పని మాటలన్నీ ఆయన చెప్పారు, అదీ రోగి గురించి ఇంట్లోవాళ్ళకి చెప్పినట్టు. ఇంజను కింద నూనె చుక్క పడుతుంది, పడినంతకాలం భయం లేదు, పడటం మానేస్తేనే భయపడండి, లోపల నూనె లేదని అర్థం. చలిపొద్దున రెండో గేరు మూలుగుతుంది, కాస్త వేడెక్కనివ్వాలి. ఎడమ తలుపు అద్దం దిగితే ఎక్కదు, దించకండి. ఇంతకు మించి దానికి జబ్బేమీ లేదు.

అంతకుముందు వాళ్ళు చూసిన బండ్ల కథలు వేరు. ఒకటి అద్దంలా మెరిసింది. భర్త కింద పడుకుని స్క్రూడ్రైవరు వెనకవైపుతో చట్రం మీద తడితే కొత్త రంగు పెచ్చులుగా ఊడి తుప్పు ముఖాన రాలింది. ఇంకొకటి ఇంతెత్తున లేచి, లావు టైర్లతో వస్తాదులా నిలబడింది. చూస్తే నాలుగు టైర్లూ నాలుగు రకాలు. మరొకదాని కాళ్ళ కింది పట్టా ఎత్తగానే వరదనీళ్ళ ముక్కవాసన గుప్పుమంది. చేతికందే ధరలో ఉన్నవాటికి ప్రాణం లేదు, ప్రాణం ఉన్నవాటి ధర చేతికందదు. అలా తిరిగి తిరిగి డాక్టరుగారి వాకిట్లో ఆ వెలిసిపోయిన ఆకుపచ్చ జీపుని చూసినప్పుడు భర్త కళ్ళల్లో వెలుగు ఆమెకి గుర్తుంది. అతను దేనికైనా మార్కులేసే మనిషి. ఉప్మాకి వేస్తాడు, అల్లుళ్ళకి వేస్తాడు. ఆ జీపుకి డెబ్భై వేశాడు. అతని దగ్గర డెబ్భై అంటే ఫస్టు ర్యాంకు.

మగవాళ్ళిద్దరూ బానెట్టు ఎత్తి తలలు లోపల పెట్టిన వేళ ఆమె ఊరికే బండి చుట్టూ తిరిగింది. ముందు చక్రం మధ్యలో జాడీ మూతలాంటిది ఒకటి కనబడి వంగి చూసింది. వెనక చక్రాలకి అలాంటిది లేదు. ఇదేమిటని అడగలేదు కూడా, డాక్టరుగారే చేతికర్ర ఆనించి పక్కన వంగారు. ఆయన చెప్పిన మాట ఒక్కొక్కటీ ఆమెకి గుర్తుంది.

"బురదలోకి, గట్టు మీదికి పోయే ముందు కిందకి దిగి ఈ మూత తిప్పాలమ్మాయ్. అటుపక్క చక్రానిదీ తిప్పాలి. ఇది తిప్పకుండా లోపల మీట ఎంత లాగినా ముందు చక్రాలకి బలం పోదు. మీ ఆయన హడావుడిలో ఉన్నాడు, నువ్వు గుర్తుపెట్టుకుని చెప్పు."

ఆమె గుర్తుపెట్టుకుంది. గట్టు దగ్గరికి వెళ్ళాక చెప్పడానికి నోరు తెరిచింది కూడా. ఎక్కించే ముందు ఒకసారి కిందకి దిగి అని ఇంకా అంటూనే ఉంది, భర్త స్టీరింగు మీంచి తల తిప్పి తమ్ముణ్ణి చూసి నవ్వాడు.

"విన్నావురా, మీ వదిన మనకి డ్రైవింగు నేర్పుతుందట. అమ్మా తల్లీ, నువ్వు ఆ ఫ్లాస్కు ఒలక్కుండా పట్టుకో, మిగతాది మేం చూసుకుంటాం."

మరిది నవ్వాడు. తోడికోడలు కూడా, నవ్వకపోతే బాగుండదన్నట్టు, నవ్వింది. పెళ్ళయినప్పటి నుంచీ ఇలాంటివి వింటూనే ఉంది, కొత్త కాదు. కొత్తగా జరిగింది ఆమె లోపల. నాలిక చివరిదాకా వచ్చిన మాటని వెనక్కి మింగి, సరే తెలుసుకోనీ అనుకుంది. అంతే, రెండే ముక్కలు.

చక్రాలు గిర్రున తిరిగి ఎర్రబురదని వెనక్కి చిమ్ముతుంటే, బండి అడుగు ఎక్కి రెండడుగులు జారుతుంటే, అతని మెడ ఎర్రబడుతుంటే, ఆమెకి గుండెలో చల్లగా అనిపించింది. ఆ చల్లదనమే ఇప్పుడు ఆమెని తినేస్తోంది. బండి పక్కకి ఒరిగి జారి బండకి కొట్టుకున్నప్పుడు గాని ఫ్లాస్కు ఆమె చేతిలోంచి జారలేదు. అతనికి దెబ్బ తగల్లేదు, అది అదృష్టం. ఆమె మంచితనం మాత్రం కాదు.

అయినా ఆమె లెక్క అప్పటికింకా మొగుడూ పెళ్ళాల మధ్య లెక్కే. అతను ఫోను తీసి ఆ ముసలాయన్ని పట్టుకుని అంత మాట అంటాడని ఆమె అనుకోలేదు. అన్న తరవాతైనా చెప్పొచ్చు కదా. అక్కడే చెప్పొచ్చు, దారిలో చెప్పొచ్చు, ఇంటికొచ్చాక చెప్పొచ్చు. ఆలస్యమైన కొద్దీ ఆ మాట బరువెక్కింది. ఇప్పుడు చెబితే మూతల సంగతి ఒక్కటే చెప్పినట్టు కాదు, ఇంతసేపు ఎందుకు చెప్పలేదన్నదీ చెప్పాలి. దానికి మర్యాదైన జవాబు ఆమె దగ్గర లేదు.

బండి జారిన మర్నాడు సాయంత్రం భర్త జీపుని తనే కడిగాడు. తమ్ముడు సాయం వస్తానంటే వద్దన్నాడు. పెరట్లో కుళాయి దగ్గరికి తోలుకెళ్ళి, గొట్టం పెట్టి చాలాసేపు కడిగాడు. లోపలికొచ్చినప్పుడు మనిషి మెత్తబడి ఉన్నాడు. చేతులు మోచేతుల దాకా రుద్దుకున్నాడు. అన్నం కలిపి వదిలేశాడు. ఓడిపోయినందుకు అనుకుంది ఆమె. ఆ తరవాత అన్నదమ్ములిద్దరూ వెళ్ళి బండి అప్పజెప్పి వచ్చారు. డాక్టరుగారు నిద్రలో ఉన్నారట, కూతురే తాళంచెవి తీసుకుందట.

విచిత్రమేమిటంటే, అప్పటినుంచి భర్త ఆ జీపు మాటే ఎత్తలేదు. మరిది మాత్రం దొరికినవాళ్ళకల్లా చెప్పాడు. పాత బండ్ల బేరగాడికి కూడా చెప్పాడు, ఆ బేరగాడు ఊరంతటికీ నోరు. గేదెకి సూదివేసినట్టు మనకి వెయ్యబోయాడు ముసలాయన అని మరిది ఎవరితోనో ఫోనులో నవ్వుతుంటే, భర్త విసుక్కుని, పోనీలేరా, పెద్దాయన, వదిలెయ్ అన్నాడు. అతనిలో ఈ పెద్దమనసు ఎప్పుడు పుట్టిందా అని ఆమె ఆశ్చర్యపోయింది. అతని పెద్దమనసు చూసి ఆమెకి తన చిన్నతనం ఇంకా చిన్నదిగా కనబడింది.

మరక వదిలేసి ఆమె మొక్కలకి నీళ్ళు పెట్టడానికి పెరట్లోకి వెళ్ళింది. కుళాయి పక్క పూలమడి ఆమెది. జీపు రాకముందే పశువుల ఎరువు కలిపి, గుల్లచేసి, చదును చేసి పెట్టింది. మడి అంచున ఎవరో రెండు మూడు గుప్పిళ్ళు తోడినట్టు గుంట కనబడుతోంది, పక్కన ఒక నారు మొక్క వేరుతో సహా వాడి పడి ఉంది. పక్కింటి పిల్లి పనే. దాన్ని నోటికొచ్చినట్టు తిట్టుకుని, మొక్కని మళ్ళీ నాటింది. గుంట తరవాత పూడుద్దామనుకునేలోగా వీధిలో ఆటో ఆగిన చప్పుడైంది.

ఆటోలోంచి ముందు చేతికర్ర దిగింది, తరవాత డాక్టరుగారు దిగారు. వెనక ఆయన కూతురు. బడిలో లెక్కల టీచరు. మాటలో, నడకలో, భుజాన సంచి సర్దుకోవడంలో ఆ సంగతి తెలిసిపోతూనే ఉంటుంది.

సెలవురోజు కనక మరిదీ తోడికోడలూ కూడా వచ్చి ఉన్నారు. అన్నదమ్ములు ముందు గదిలో ఇంకో బండి ఫొటోలు చూస్తున్నారు. గుమ్మంలో డాక్టరుగార్ని చూసి మరిది ముఖం గంభీరంగా పెట్టుకున్నాడు, దెబ్బలాటకి సిద్ధమైనవాడిలా. భర్త మాత్రం లేచి నిలబడి, కూర్చోమనడం కూడా మరిచిపోయాడు. కుర్చీ జరిపింది ఆమే.

డాక్టరుగారు కూర్చున్నారు. కర్రని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, గదిలో ఎవరెక్కడున్నారో గొంతుల్ని బట్టి పోల్చుకున్నాక, లెక్చరరుగారు ఎటువైపున్నారని అడిగారు. ఇక్కడున్నానండి అన్నాడు భర్త. ఆయన అటు తిరిగారు.

"క్షమించమని అడగడానికి వచ్చాను బాబూ."

మరిది ముఖంలో గాంభీర్యం ఎటు పోవాలో తెలియక అక్కడే ఆగిపోయింది.

ఆయన నిదానంగా చెప్పుకొచ్చారు. ఫోనులో ఆ మాట విన్నాక రాత్రి నిద్రపట్టలేదట. జీపు వచ్చాక చేత్తో తడిమి చూశారట. ముందు చక్రాల మూతలు రెండూ వదులువైపే ఉన్నాయి, మట్టి పట్టేసి ఉన్నాయి. వాటిని ఎవరూ తిప్పనే లేదు. తిప్పకపోతే ఆ బండి గట్టెలా ఎక్కుతుంది. తప్పు బండిది కాదు, మీది అంతకన్నా కాదు. చెప్పకపోతే మీకెలా తెలుస్తుంది. అది నేను చెప్పాల్సిన మాట.

ఏ మూతలు అన్నాడు మరిది. ఏ మూతలండీ అంది తోడికోడలు, వంటింటి గుమ్మంలోంచి. డాక్టరుగారి కూతురు ఆ పని ఎలా చెయ్యాలో గాలిలో చెయ్యి తిప్పి చూపించింది. చక్రం మధ్యలో మూత, అది తిప్పితే ముందు చక్రాలు ఇంజనుతో కలుస్తాయి, తిప్పకపోతే విడిగా ఉంటాయి. చిన్నప్పుడు నాన్నతో ఊళ్ళు తిరిగేటప్పుడు ఆ తిప్పే పని తనదేనట, దానికోసం సీటు మీంచి ముందే దూకేసేదట.

మరిదికి మెల్లిగా అర్థమైంది. మరయితే బండి బాగానే ఉన్నట్టే కదండీ అన్నాడు. ఆ గొంతులో దెబ్బలాట పోయి మళ్ళీ ఆశ వచ్చింది.

"బండి బాగానే ఉంది నాయనా. బాగాలేనిది నేను."

డాక్టరుగారు నవ్వబోయారు గాని అది నవ్వు కాలేదు.

"చెప్పాననే అనుకున్నాను. అదీ నా భయం. మరిచిపోతే మరిచిపోయానని తెలియాలి కదా. నాకు చెప్పినట్టు గుర్తుంది. ఎవరో పక్కన వంగి వింటున్నట్టు, నేను మూత మీద చెయ్యిపెట్టి చూపిస్తున్నట్టు, కళ్ళకి కట్టినట్టుంది. జరగనిది జరిగినట్టు కనబడుతోందంటే బుర్ర ఎటు పోతోందో నాకు తెలియదా? ఇన్ని జీవాలు చూశాను."

కూతురు కిటికీ వైపు చూస్తోంది. తండ్రి మాట అందుకుని, దాచాల్సిందేమీ లేదన్నట్టు, మిగతాది తనే చెప్పింది. నాన్న రిటైరయ్యాక కూడా చుట్టుపక్కల వాళ్ళు కుక్కల్నీ మేకల్నీ తెస్తూనే ఉంటారు. పైసా తీసుకోరు, కానీ ఆ పని లేకపోతే ఆయనకి పొద్దు పొడవదు. ఈ సంగతి జరిగాక ఆయనే మందుల బీరువా తాళంచెవి తెచ్చి తన చేతిలో పెట్టారట. ఇదే గుర్తులేనివాడికి ఎంత మందు వెయ్యాలో గుర్తుంటుందని నమ్మకమేమిటన్నారట. గేటుకి అట్టముక్క కట్టేశారు, ఇకమీదట ఇక్కడ పశువులు చూడబడవని. నిన్న ఒకామె కాలు విరిగిన కుక్కపిల్లని కొంగులో పెట్టుకొచ్చి, ఆ అట్ట చదివి వెనక్కి వెళ్ళిపోయింది. నాన్న లోపల కుర్చీలో కూర్చుని దాని మూలుగు వింటూ ఉండిపోయారు.

"జీపుని తుక్కుకి ఇచ్చేస్తున్నాం," అంది చివరికి. "బేరగాడు ముట్టుకోనన్నాడు. మంచిది కాదని పేరు పడిపోయిందట."

మరిది తల దించుకుని కాలిగోరు చూసుకున్నాడు.

ఆమె టీ కప్పులున్న పళ్ళెం పట్టుకుని గదికీ వంటింటికీ మధ్య నిలబడి ఉంది. ఎవరో పక్కన వంగి వింటున్నట్టు అన్నారాయన. ఆ ఎవరో ఇక్కడే ఉంది, టీ ఇస్తోంది. మొగుడి మీద కోపంతో ఆమె మింగిన మాట ఈ పెద్దాయన తలలోకి వెళ్ళి తలుపులు ఒక్కొక్కటీ మూసేస్తోంది. తాను అనుకున్నది మొగుడికి ఒక చెంపదెబ్బ, అదీ చూసేవాళ్ళు నవ్విపోయేంత చిన్నది. అది వెళ్ళి తగిలింది చూపు ఆనని మనిషికి.

భర్త వైపు చూసింది. అతను ఏదో ఒకటి అంటాడని, పోనీలెండి అనో, మా తొందరపాటు అనో అంటాడని. అతను ఫొటోల కాగితాలు సర్దుతున్నాడు. సర్దినవే మళ్ళీ సర్దుతున్నాడు.

ఆమె పళ్ళెం బల్ల మీద పెట్టింది.

"మీరు చెప్పారు డాక్టరుగారూ."

అందరూ తిరిగారు. ఆయన కూడా, వినబడిన వైపు, కాస్త పక్కగా తిరిగారు.

"నాకు చెప్పారు. ముందు చక్రం దగ్గర వంగింది నేనే. వీళ్ళకి చెప్పమన్నారు. నేను చెప్పలేదు."

డాక్టరుగారి చెయ్యి కర్ర మీద బిగిసింది.

"ఏమని చెప్పాను?" అన్నారు. "నా మీద జాలిపడి అంటున్నావేమో నాకెలా తెలుస్తుంది? ఏమన్నానో అచ్చంగా చెప్పు."

ఆమె చెప్పింది. బురదలోకి, గట్టు మీదికి పోయే ముందు కిందకి దిగి ఈ మూత తిప్పాలన్నారు. అటుపక్క చక్రానిదీ తిప్పాలన్నారు. ఇది తిప్పకుండా లోపల మీట ఎంత లాగినా అని ఆమె అంటుండగా ఆయన పెదవులు కదిలాయి. ముందు చక్రాలకి బలం పోదు అన్న మాట ఇద్దరి నోటా ఒకేసారి వచ్చింది.

ఆయన కళ్ళు మూసుకున్నారు. కూతురు సంచి తెరిచి, అడుగున ఎక్కడో వెతికి, చిన్న తాళంచెవి ఒకటి తీసి తండ్రి అరచేతిలో పెట్టి, ఆ వేళ్ళని తనే మూసింది. ఆ తరవాత తలెత్తి ఆమె వైపు చూసిన చూపు ఉంది చూశారూ, తప్పుచేసిన పిల్లని బెంచీ ఎక్కించే టీచరు చూపు కాదది. ఆ చూపైతే ఆమె ఓర్చుకునేది. ఇది ఇంకా అర్థంకాక చూస్తున్న చూపు. చదువుకున్నదానివి, ఇంత నెమ్మదైనదానివి, నువ్వెందుకమ్మా ఇలా చేశావు అన్నట్టు.

ఆ ప్రశ్న నోటితో అడిగింది భర్త.

"నీకు ముందే తెలుసా?"

తెలుసంది.

"తెలిసి, గట్టు మీద నిలబడి చూస్తున్నావా? బండి ఒరిగినప్పుడు కూడా? అది పల్టీకొట్టి నా మీద పడుంటేనో?"

గట్టిగా అనలేదు, గట్టిగా అంటే బాగుండును. ఆమె దగ్గర జవాబు ఉంది గాని ఆ జవాబు ఇంతమందిలో విప్పేది కాదు. మీరు నవ్వారు, అందుకని. తూకం వేస్తే ఒకవైపు ఒక నవ్వు, రెండోవైపు అతని ప్రాణం, పెద్దాయన బుర్ర. ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. తోడికోడలు వచ్చి పక్కన నిలబడి, కళ్ళతోనే ఏంటక్కా ఇది అంది. ఆరోజు నవ్వినవాళ్ళలో తనూ ఉందని దానికి గుర్తున్నట్టు లేదు.

భర్త ఇంకా అంటూనే ఉన్నాడు. మామూలుగా మితంగా మాట్లాడే మనిషి, ఇప్పుడు ఆగడం లేదు. తెలిసిన మాట దాచడం కంటే తప్పుంటుందా అన్నాడు. పెద్దాయన ఇన్ని రోజులు నరకం పడ్డారు, ఎవరివల్ల అన్నాడు. నేనన్నా తెలియక అన్నాను, నువ్వు తెలిసి ఊరుకున్నావు అన్నాడు. డాక్టరుగారి వైపు తిరిగి, మా ఇంటి ఆడమనిషి చేసిన పనికి నేను సిగ్గుపడుతున్నానండి, మీరు పెద్దమనసుతో మన్నించాలి అన్నాడు. ఆమె ఒక్కొక్క మాటా తలవంచుకుని తీసుకుంది. అందులో తీసుకోకూడనిది ఒక్కటీ కనబడలేదు.

"చాల్లే బాబూ," అన్నారు డాక్టరుగారు. "ఇంతమందిలో లేచి చెప్పింది. చెప్పకపోయినా అడిగేవాడు లేడు. నాకు అది చాలు."

ఆయన ముఖం తేటపడింది. తాళంచెవి జేబులో వేసుకుని, పైనుంచి ఒకసారి తట్టి చూసుకున్నారు. టీ అడిగి తీసుకున్నారు. ఇంటికి వెళ్ళగానే గేటు అట్ట పీకెయ్యమని కూతురికి పురమాయించారు, ఆ కుక్కపిల్ల ఎవరిదో కనుక్కోమన్నారు. మరిది కుర్చీ దగ్గరికి లాక్కుని, తుక్కువాడికి మాటిచ్చేశారా, ఇవ్వకపోతే మాకే ఇవ్వండి, బేరగాడి దగ్గరికి వెళ్ళి నా నోటితోనే చెప్పి వస్తాను అన్నాడు. మొన్నటి కొండలు, వాగులు మళ్ళీ గదిలోకి వచ్చాయి. ఆమె ఒక్కతే బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడింది. శిక్ష వేస్తారనుకున్న చోట టీ తాగుతున్నారు, అది ఇంకా కష్టంగా ఉంది.

వెళ్ళడానికి లేచి, కర్ర అందుకుని, డాక్టరుగారు మళ్ళీ ఆగారు.

"అన్నీ బాగానే కలిశాయి గాని ఒక్కటి కలవడం లేదు. ఆ గట్టు మీద పశువుల్ని మేపుతారా?"

అక్కడ గడ్డిపరక కూడా మొలవదండీ, అంతా రాళ్ళూ ఎర్రమట్టీ అన్నాడు మరిది.

"మరి ఆ రెండు మూతల మీదా పట్టి ఉన్నది ఎర్రమట్టి కాదే. ఎరువు కలిపిన మెత్తటి మట్టి. నా కళ్ళు పోయాయి గాని ముక్కు పోలేదు, బతుకంతా ఆ వాసనలోనే గడిపాను. చక్రాలు, వాటి మీది రేకులు, అడుగు, అంతా మెరిసేట్టు కడిగి పంపారు. ఆ మూతల మీద మాత్రం, ఎవరో అరచేత్తో మెత్తినట్టు, ఇంత మందాన ఉంది. తిప్పే గుర్తులు కనబడకుండా."

అందరూ ఆయన వైపే చూస్తున్నారు.

ఆమె నిలబడ్డ చోటినుంచి వంటింటి కిటికీలోంచి పెరడు కనబడుతోంది. కుళాయి. కుళాయి పక్క పూలమడి. మడి అంచున, తాను ఇంకా పూడ్చని గుంట. ఇందాక చూసి కూడా పట్టించుకోని వేళ్ళ గుర్తులు ఇప్పుడు గుర్తొచ్చాయి. పిల్లి అలా తవ్వదు.

మోచేతుల దాకా రుద్దుకున్న చేతులు. కలిపి వదిలేసిన అన్నం. పోనీలేరా, పెద్దాయన, వదిలెయ్. తెలిసిన మాట దాచడం కంటే తప్పుంటుందా. కడుగుతున్నప్పుడే అతను ఆ మూతలు చూశాడు, చూసి కప్పేశాడు.

ఆమె తలెత్తింది. గదిలో అందరూ డాక్టరుగారిని చూస్తుంటే, భర్త ఒక్కడే ఆమెని చూస్తున్నాడు. ఆ ముఖంలో ఇందాకటి కోపం జాడ కూడా లేదు. ఇన్నేళ్ళలో ఆమె ఎప్పుడూ చూడని ముఖం అది. అతను తలని, ఆమెకి తప్ప ఇంకెవరికీ తెలియనంత కొంచెంగా, అడ్డంగా ఊపాడు.

"ఆ మట్టి ఎక్కడిదో," అన్నారు డాక్టరుగారు, ఆమె గొంతు ఇందాక వినబడిన వైపు తిరిగి, "నీకేమైనా తెలుసా అమ్మాయ్?"